ఒకరు తక్కువ

ఆ ఊళ్ళో జనం రెండు రకాలు. ఒడ్డువాళ్ళు, దీవివాళ్ళు. ఒడ్డువాళ్ళని ఎప్పట్నించి ఉన్నారని అడిగితే ఎప్పట్నించో ఉన్నామంటారు. దీవివాళ్ళు రెండు తరాల క్రితం వచ్చారు. వచ్చారని కాదు, తెచ్చారు. రేవు పెంచడానికి వాళ్ళ దీవి కావలసి వచ్చింది. జనాన్ని పడవల్లో ఎక్కించి ఐసు ఫ్యాక్టరీ వెనక ఖాళీగా ఉన్న గోడౌన్లలో దింపి, ఇది తాత్కాలికం అన్నారు. ఆ తాత్కాలికంలోనే పుట్టి, పెళ్ళి చేసుకుని, ముసలివాళ్ళై పోయినవాళ్ళు బోలెడుమంది. గోడౌన్లని మొదట అట్టలతో, తర్వాత రేకులతో, ఆపైన ఇటుకలతో గదులుగా విడగొట్టుకున్నారు. ఇంటికి ఒక గది, సందుకి ఒక కుళాయి.

ఒడ్డువాళ్ళకి దీవివాళ్ళు ఎప్పుడూ వంగే కనిపిస్తారు. చేపల షెడ్లో, బరువులెత్తే చోట, మురుగు మూతల దగ్గర. దీవివాళ్ళకి ఒడ్డువాళ్ళు ఎప్పుడూ కూర్చునే కనిపిస్తారు, ఏదో ఒక కౌంటర్ వెనక. ఇంతకన్నా పెద్ద పరిచయాలేమీ రెండు వైపులా లేవు.

ఒక్క పిల్ల మాత్రం ఈ అమరికని పాడుచేసింది. ఒడ్డున నాలుగు గదుల ఇంట్లో పుట్టి, పడవలకి వెల్డింగ్ చేసే దీవి కుర్రాణ్ణి చేసుకుని, సూట్‌కేసుతో ఈ గోడౌన్ల సందులోకి వచ్చిపడింది. సందులో అందరూ ఆమెని ‘ఒడ్డుపిల్ల’ అంటారు. పెళ్ళై మూడేళ్ళయినా, చంకలో బిడ్డ ఉన్నా, దీవి భాషలో కుళాయి దగ్గర ఎవరితోనైనా సమానంగా పోట్లాడగలిగినా ఆ పేరు మాత్రం పోలేదు.

ఆ గదిలో ఉండేది ఆమె, మొగుడు, అత్తా, మామా, మరిదీ, బిడ్డా. మామ ఒకప్పుడు రేవులో తాళ్ళు లాగినవాడు. ఇప్పుడు మోకాళ్ళు పట్టేసి మంచానికి ఆ కొస నుంచి ఈ కొసకే ఆయన ప్రయాణం. మరిది ఐసు ఫ్యాక్టరీలో రాత్రి డ్యూటీ చేసి పగలంతా గది మధ్యలో ముసుగుతన్ని పడుకుంటాడు. అతని చుట్టూ వంట, అతని చుట్టూ బిడ్డ పాకడం, అతని కాళ్ళ మీంచే రాకపోకలు. ఒడ్డుపిల్ల బడి పిల్లల యూనిఫారాలు కుడుతుంది. మిషన్‌కి లోపల చోటులేక చూరు కింద పెట్టుకుంది. చినుకు పడితే మిషన్ మీద ప్లాస్టిక్ కప్పి, కత్తిరించిన గుడ్డలన్నీ ఒళ్ళో పోగేసుకుని గుమ్మంలో కూర్చుంటుంది. ఆ కాసేపట్లో ఆమెకి వచ్చే కోపం అంతా ఇంతా కాదు. ఎవరి మీదని అడిగితే చెప్పలేదు. మొగుడితో ఒక మాట మాట్లాడాలన్నా మామగారి దగ్గులు రెండింటి మధ్య ఉన్న సందులో మాట్లాడాల్సిందే. ఒంటరిగా కూర్చుని కాస్త ఏడుద్దామన్నా ఆ ఇంట్లో జాగా లేదు.

అలాంటి సమయంలో మునిసిపాలిటీ వాళ్ళు పాత బస్ డిపో స్థలంలో క్వార్టర్లు కడతామన్నారు. ఒడ్డున ఉన్న పేదవాళ్ళకీ, దీవివాళ్ళకీ కలిపే ఇస్తారట. అయితే ఎవరు ఎలా బతుకుతున్నారో ముందు ఊరంతా తిరిగి పోల్చి చూడాలట. గదికి ఎంతమంది, చదువెంత, పనేమిటి, నీళ్ళెక్కడివి. అందులో ఒడ్డుపిల్ల చెవికి ఎక్కింది ఒకే ఒక్క ముక్క. ఇంట్లో ఆరుగురు, అంతకు మించి ఉంటే రెండు గదులు. అయిదుగురు, ఆ లోపుంటే ఒకటే గది.

ఆ రోజు నుంచి ఆమె కాలు ఒకచోట నిలవలేదు. తాము ఆరుగురు. సరిగ్గా ఆరుగురు. రెండో గదిలో మిషన్ కిటికీ వైపు పెట్టాలా గోడ వైపు పెట్టాలా అన్నదాకా వెళ్ళిపోయింది ఆలోచన. బిడ్డకి పాలిస్తూ మధ్యలో లేచి నిలబడేది, ఎందుకు లేచిందో మర్చిపోయి మళ్ళీ కూర్చునేది.

లెక్క రాయడానికి ఒక కాలేజీ అమ్మాయి వచ్చింది. ఒడ్డువాళ్ళమ్మాయే. మెడలో కార్డు, చేతిలో ట్యాబ్, కాళ్ళకి తెల్ల బూట్లు. దీవి ముసలాళ్ళకి ఒడ్డు భాష సరిగా రాదు, ఆ అమ్మాయికి దీవి భాష అసలే రాదు. మధ్యలో మాట చెప్పడానికి రెండూ వచ్చిన మనిషి కావాలంటే సందంతా ఒకే గుమ్మం చూపించింది.

“అక్కా, మీరు ఒడ్డు నుంచి వచ్చారంట కదా. ఇక్కడ అలవాటైందా?” అంది కాలేజీ అమ్మాయి.

“బురదలో ఆ తెల్లబూట్లకి ఎంత అలవాటైందో నాకూ అంతే అయింది. పద,” అంది ఒడ్డుపిల్ల.

ఇద్దరూ ఇల్లిల్లూ తిరిగారు. ప్రతి ఇంట్లో ఒకే ప్రశ్న, ఒకే తడబాటు. మీ ఇంట్లో ఎంతమంది అని అడగ్గానే ఇంటి ఆడమనిషి ఒకసారి గుటక మింగి, గోడ వైపు చూసి, అప్పుడు చెప్పేది. ఏడుగురం. నలుగురం. ఎనమండుగురం. ఒడ్డుపిల్ల ఆ అంకెని ఒడ్డు భాషలోకి మార్చి అప్పజెప్పింది. కాలేజీ అమ్మాయి టపటపా నొక్కుకుంది. ఒక ఇంట్లో గుమ్మం బయట చెప్పులు ఎక్కువ ఉన్నట్టు అనిపించింది గానీ, చుట్టాలొచ్చారేమో అనుకుంది ఒడ్డుపిల్ల. ఆమె మనసంతా సందు చివర తన ఇంటి మీదే ఉంది.

తమ ఇంటికి వచ్చేసరికి అత్త అప్పుడే షెడ్ నుంచి వచ్చి రబ్బరు బూట్లు విప్పుతోంది. పొద్దుట నుంచీ చేపలు శుభ్రం చేసిన చేతులు, వేళ్ళ చివర్లు నానిపోయి తెల్లగా ఉన్నాయి. ఒడ్డుపిల్ల నవ్వుముఖంతో అడిగింది.

“అత్తయ్యా, మన ఇంట్లో ఎంతమందిమని అడుగుతోంది.”

అత్త గుటక మింగింది. గోడ వైపు చూసింది.

“అయిదుగురం,” అంది.

ఒడ్డుపిల్లకి ముందు నవ్వొచ్చింది, పనిలో ఉన్న కొడుకుని మర్చిపోయిందేమో అని. “సరిగ్గా చెప్పండత్తయ్యా,” అంది.

“అయిదుగురమే,” అంది అత్త అయిదు వేళ్ళూ చూపిస్తూ, ఈసారి కోడలి ముఖం వైపు చూడకుండా. బూట్లు పట్టుకుని కుళాయి దగ్గరికి వెళ్ళిపోయింది.

అంకె అర్థం కావడానికి కాలేజీ అమ్మాయికి భాష అక్కర్లేకపోయింది. అత్త చూపిన అయిదు వేళ్ళూ చాలు. టపీమని నొక్కేసింది. తప్పని చెప్పడానికి ఒడ్డుపిల్ల నోరు తెరిచింది. కానీ అత్తని పరాయిపిల్ల ముందు అబద్ధాలకోరుని చేయడానికి నోరు రాలేదు. పైగా లోపల ఎక్కడో ముల్లు దిగింది. అత్త, మామ, ఇద్దరు కొడుకులు, మనవడు. లెక్క సరిపోయింది. మిగిలింది ఎవరో చెప్పడానికి కాలేజీ చదువు అక్కర్లేదు.

సాయంత్రం మొగుడు వచ్చేదాకా ఆమె కుట్టిన చొక్కాలకి కాలర్లన్నీ వంకరపోయాయి. వాడు చేతులు కడుక్కుంటుండగా కుళాయి దగ్గరికి వెళ్ళి నిలదీసింది.

“మీ అమ్మ లెక్కలో నేను లేను. మూడేళ్ళ నుంచి ఈ ఇంట్లో గిన్నెలు తోముతున్నదెవరనుకుందో కనుక్కో.”

సంగతి విని వాడు నవ్వాడు. ఆమెకి ఒళ్ళు మండింది.

“నవ్వకు. రెండో గది పోయింది.”

“అది నిన్ను తీసేయడం కాదే. మావాళ్ళు ఎప్పుడూ అంతే. ఇంట్లో జనాన్ని పూర్తిగా చెప్పరు. ఒకళ్ళని దాచుకుంటారు.”

“దాచుకోవడమేమిటి?”

“రేవు పెంచినప్పుడు కంట్రాక్టర్ మనుషులు దీవి మీదకి వచ్చి, తలలు లెక్కపెట్టుకుని, దాన్నిబట్టి ఇంటికింతమందని రాళ్ళు మోయడానికి తీసుకుపోయేవాళ్ళంట. వెళ్ళినవాళ్ళు అందరూ తిరిగి రాలేదు. అప్పట్నించి ఎవరు అడిగినా ఒకరు తక్కువ చెప్పడమే. ఎవరు పోతే తట్టుకోలేమో వాళ్ళని లెక్కలోకి రానివ్వరు.”

“మీ అమ్మ ఎవర్ని దాచింది?”

“అది అడగకూడదు. అడిగినా చెప్పదు. మా నాన్నకే తెలీదు.” అని తువ్వాలు దులిపాడు. “నీ కొడుకుని అయ్యుంటుందిలే. చిన్నపిల్లల్నే ఎక్కువ దాస్తారు.”

ఆ మాటతో ముల్లు సగం బయటికి వచ్చింది గానీ, దాని వెంటే ఇంకొకటి దిగింది. సందులో ప్రతి ఇంటి అంకెనీ ఆమె నోటితోనే కదా అటు అందించింది. ప్రతి ఇంటికీ ఒకరు తక్కువ. దీవివాళ్ళు కాగితం మీద ఎంత హాయిగా, ఎంత విశాలంగా బతుకుతున్నారో తలుచుకుంటే ఆమెకి తల తిరిగిపోయింది.

మర్నాడు కాలేజీ అమ్మాయి మళ్ళీ వచ్చింది. “అక్కా, ఇవాళ ఒడ్డు వైపు వీధులు. మీకు తెలిసిన చోటే కదా, తోడు వస్తారా?” అంది. నిన్నటి అంకెల గురించి ఎలా చెప్పాలో, చెబితే ఎవరు నమ్ముతారో తేల్చుకోలేక, దార్లో చెప్పవచ్చులే అని ఒడ్డుపిల్ల బయల్దేరింది. బిడ్డని అత్తకి అప్పజెప్పేటప్పుడు ఆవిడ ముఖం చూడలేదు.

ఒడ్డు వైపు లెక్క వేరే తమాషా. అక్కడ ఎవరూ గుటకలు మింగరు. కుర్చీలు వేసి కూర్చోబెట్టి మరీ చెబుతారు. ఇద్దరున్న ఇంట్లో ఆరుగురిని రాయించింది ఒకావిడ. వేరే ఊళ్ళో ఉద్యోగం చేసే కొడుకు, అతని భార్య, పెళ్ళై వెళ్ళిపోయిన ఇద్దరు కూతుళ్ళు.

“ఇక్కడ ఉండేవాళ్ళే చెప్పాలండీ,” అంది కాలేజీ అమ్మాయి.

“ఇక్కడ ఉండకపోతే మావాళ్ళు కాకుండా పోతారా? వాళ్ళ గదులు వాళ్ళకే ఉన్నాయి, చూసుకో. మంచాల మీద దుప్పట్లు కూడా మారుస్తాను,” అందావిడ.

నిజంగానే మారుస్తోంది. ఎవరూ పడుకోని మంచం మీద ఉతికిన దుప్పటి మడత నలగకుండా ఉంది. ఒడ్డుపిల్లకి గది మధ్యలో ముసుగుతన్నిన మరిది గుర్తొచ్చాడు. ఇక్కడ లేనివాళ్ళకి గదులున్నాయి, అక్కడ ఉన్నవాళ్ళకి అంకెలు కూడా లేవు. ఈ మాట కాలేజీ అమ్మాయితో చెప్పేసింది. అలవాటు సంగతి, కంట్రాక్టర్ సంగతి అంతా. ఆ అమ్మాయి పాపం మంచిదే, కళ్ళు పెద్దవి చేసుకుని విన్నది.

“నేను మార్చలేనక్కా. పంపించేశాను. దిద్దుకోవాలంటే ఇంటి పెద్దావిడ ఆఫీసుకి వచ్చి, పేర్లతో సహా తన నోటితో చెప్పాలి.”

మాటల్లో పడి ఏ వీధిలోకి తిరిగారో ఒడ్డుపిల్ల చూసుకోలేదు. నీలం గేటు ముందు ఆగాక తెలిసింది. వెనక్కి తిరుగుదామనుకుంది. కాళ్ళు మాత్రం అక్కడే ఉండిపోయాయి. కాలేజీ అమ్మాయికి సంగతి తెలీదు, గేటు తీసేసి బెల్లు నొక్కింది.

తలుపు తీసింది ఒడ్డుపిల్ల తండ్రి. రిజిస్ట్రార్ ఆఫీసులో చేసి రిటైరైన మనిషి, గడ్డం నున్నగా గీసుకుని, చొక్కా ఇస్త్రీ మడతతో ఉన్నాడు. గుమ్మంలో నిలబడ్డ కూతుర్ని చూశాడు. చూశాడనడానికి ఆధారం ఏమిటంటే, ఆ తర్వాత అటు చూడలేదు.

“ఎంతమందండీ ఇంట్లో?”

“ముగ్గురం. నేను, మా ఆవిడ, మా అబ్బాయి. అబ్బాయికి వేరే ఊళ్ళో ఉద్యోగం. అయినా రాసుకో, వాడి ఇల్లు ఇదే.”

“పిల్లలు ఒక్కరేనా అంకుల్?”

“ఒక్కడే.”

వెనక వంటింటి గుమ్మంలో తల్లి నిలబడి ఉంది. చేతిలో గరిటె. కూతురి వైపే చూస్తోంది. ఆ వీధిలో పెళ్ళై వెళ్ళిన ప్రతి ఆడపిల్లా ఆ పొద్దున పుట్టింటి లెక్కలో ఉంది. ఇంటిల్లిపాదినీ, లేనివాళ్ళని కూడా పిలిచి రాయించుకునే జాతి. ఎదురుగా నిలబడ్డ మనిషిని మాత్రం తీసేశారు.

ఒడ్డుపిల్ల గేటు మూసి బయటికి వచ్చింది. మిగిలిన వీధి కూడా తిరిగింది. ఒకచోట ఇచ్చిన మంచినీళ్ళు తాగింది. ఇంటికొచ్చి మిషన్ ముందు కూర్చుని, దారం ఎక్కించబోతే సూది కన్ను ఎంతకీ కనిపించలేదు.

అత్త బయటికి వచ్చి చూసింది. “ఏమైందే?” అంది.

అంతవరకూ ఒంటరిగా ఏడవడానికి జాగా లేదని బాధపడ్డ పిల్ల, సందు సందంతా చూస్తుండగా చూరు కింద కూర్చుని వెక్కివెక్కి ఏడ్చింది.

“మా నాన్న నన్ను లెక్కలోంచి తీసేశాడు. నా ముందే. ఒక్కడే కొడుకన్నాడు. మీరూ తీసేశారు. మీరు ఎవర్ని దాచారో నాకు తెలీదు, మీ ప్రేమలు మీ ఇష్టం. నాకు కావలసింది ఒక్కటే. ఎవరో ఒకరు, ఎక్కడో ఒకచోట, ఈ ఇంట్లో ఫలానాది కూడా ఉందని చెప్పాలి. గది వస్తే వస్తుంది, పోతే పోతుంది.”

గది పోతే పోతుందన్నది అబద్ధం. గదీ కావాలి. కానీ ఆ క్షణాన అంతకన్నా ముందు కావలసింది ఇంకొకటి ఉందని ఆమెకే అప్పుడు తెలిసింది.

అత్త మిషన్ మీద పడ్డ దారపు ముక్కలు ఒక్కొక్కటీ ఏరింది.

“మా అన్న ఉండేవాడు,” అంది చివరికి. “మా నాయనకి పిల్లలంటే గొప్ప. కంట్రాక్టర్ మనిషి అడిగితే రొమ్ము విరుచుకుని అందర్నీ చెప్పాడు. అందర్నీ. పెద్దోణ్ణి ముందు చెప్పాడు. రాళ్ళ గోడ కడుతున్నప్పుడు అలొచ్చింది. మా నాయన బతికినన్నాళ్ళూ మళ్ళీ ఎవరి పేరూ పెట్టి పిలవలేదు.”

“ఆఫీసుకి వెళ్ళి మీరే పేర్లతో చెబితే దిద్దుతారంట. ఇప్పుడు ఎవరూ రాళ్ళు మొయ్యడానికి తీసుకుపోరత్తయ్యా.”

“నాకు తెలుసే. నేనేం పిచ్చిదాన్నా. నాలుకకి తెలీదు.”

మర్నాడు పొద్దున్న అత్త షెడ్డుకి వెళ్ళలేదు. తలకి నూనె రాసుకుని, పెట్టె అడుగున ఉన్న ఉతికిన బట్టలు తీసి కట్టుకుంది. మనవణ్ణి తాత ఒళ్ళో కూర్చోబెట్టి, చెప్పులేసుకుని గుమ్మం దిగింది.

“పద,” అంది.

ఆఫీసులో వరస పొడుగ్గానే ఉంది. సందులోంచి నలుగురైదుగురు ఆడవాళ్ళు వచ్చారు, ఎవరి కోడళ్ళో కూతుళ్ళో లాక్కొస్తే. ముందున్న ముసలమ్మ కౌంటర్ దాకా వెళ్ళి, క్లర్కు “ఎంతమంది?” అనగానే మళ్ళీ పాత అంకే చెప్పేసింది. ఆమె మనవరాలు తల కొట్టుకుంది. క్లర్కు విసుక్కున్నాడు. మార్చడానికి వచ్చి మార్చనంటే ఎలా అన్నాడు. ముసలమ్మ వినిపించనట్టు నటిస్తూ బయటికి నడిచింది.

ఒడ్డుపిల్లకి అత్త కూడా అంతే చేస్తుందని తెలిసిపోయింది. చేసినా ఏమీ అనకూడదని మనసులో గట్టిగా అనుకుంది. అనకుండా ఉండగలనా అని కూడా అనుకుంది.

“ఎంతమందమ్మా?” అన్నాడు క్లర్కు, తలెత్తకుండా.

అత్త గుటక మింగింది. చూడ్డానికి అక్కడ గోడ లేదు, క్లర్కు ముఖమే ఉంది.

“ఆరుగురం.”

“పేర్లు చెప్పండి.”

అత్త చెప్పడం మొదలుపెట్టింది. మొగుడి పేరు చెప్పింది. తన పేరు చెప్పింది. పెద్దకొడుకు పేరు, చిన్నకొడుకు పేరు. తర్వాత మనవడి పేరు. అది చెప్పేటప్పుడు ఒడ్డుపిల్ల ఊపిరి బిగబట్టి చూసింది. ఆవిడ గొంతు తొణకలేదు. బిడ్డ పేరు మిగతా పేర్లలాగే తేలిగ్గా వచ్చేసింది.

అక్కడ ఆగిపోయింది.

“అయిదయ్యాయి. ఇంకొకరు?” అన్నాడు క్లర్కు.

అత్త పెదవులు కదిలాయి, మాట రాలేదు. చెంపలు లోపలికి పోయాయి. వెనక వరసలో ఉన్న సందు ఆడవాళ్ళు గుసగుసలు ఆపేశారు. క్లర్కు పెన్ను టేబుల్ మీద కొట్టుకుంటూ చూస్తున్నాడు. ఒడ్డుపిల్ల తన పేరు తానే చెప్పేద్దామని ముందుకి వంగింది. అంతలో అత్త చెయ్యి వచ్చి ఆమె మణికట్టుని పట్టుకుంది. చేపల పొలుసులు గీకి గీకి గట్టిపడిన చెయ్యి, ఉడుంపట్టు. నొప్పి పుట్టేలా పట్టుకుని, అప్పుడు చెప్పింది. ఎవరూ పిలవని ఆ పేరు, సందులో సగంమందికి తెలీని పేరు, పూర్తిగా, ఇంటిపేరుతో సహా చెప్పింది.

“కోడలు,” అని చేర్చింది.

“సరే. రెండు గదులకి మార్చాను,” అన్నాడు క్లర్కు. “తర్వాత ఎవరు?”

బయట ఎండ దంచేస్తోంది. మొన్న తన్ను లెక్కలో వేయలేదని కాలర్లు వంకరగా కుట్టిన ఒడ్డుపిల్ల, అత్త పక్కనే నడిచింది. రోడ్డు మీద లారీలు వరసగా పోతున్నాయి. అత్త ఆమెని లాగి గోడ వైపు నడిపించి, తాను బండ్ల వైపు నడిచింది. మణికట్టు మాత్రం వదల్లేదు.

“అత్తయ్యా, నొప్పెడుతోంది.”

“పెట్టనీ.”

ఐసు ఫ్యాక్టరీ మలుపు తిరిగారు. అత్త అక్కడ ఆగి, చుట్టూ ఎవరూ లేరని చూసుకుని, గొంతు తగ్గించి అడిగింది.

“ఆ రెండో గదికి తలుపు ఉంటుందా?”

“ఉంటుందత్తయ్యా.”

“రాత్రిళ్ళు గడియ పెట్టుకోకే. మధ్యలో వచ్చి చూసుకుంటాను.”